గడువు లేని మొక్కుబడి

మొన్న గుంటూరులో ఎముకల డాక్టరుగారు నా కుడిచేతి బొటనవేలిని అటూ ఇటూ వంచి చూసి, "రోజుకి ఎన్ని గంటలు ఆడతారండీ ఫోన్లో?" అని అడిగారు. కాలేజీలో కామర్సు పాఠాలు చెప్పుకునే, నలభై దాటి చాలాకాలమైన మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదది. పక్కనే కూర్చున్న మా ఆవిడ నా తరఫున జవాబు చెప్పింది. ఆవిడ చెప్పింది అతిశయోక్తి అని నేను అనలేదు. అలా అంటే అసలు లెక్క చెప్పాల్సి వచ్చేది.

రంగురంగుల గవ్వల్ని వరస కలిపి పేల్చే ఆట అది. దానివల్ల ప్రపంచానికి ఏ హానీ లేదు, నా బొటనవేలి నరానికి తప్ప. "మానెయ్యండి. ఇంకేదైనా అలవాటు చేసుకోండి. నడక, పుస్తకాలు, మొక్కల పెంపకం, ఏదో ఒకటి" అన్నారు డాక్టరుగారు. నా నోటి వెంట వెంటనే వచ్చిన మాట, "ఎప్పటిదాకా అండీ?" తగ్గేదాకా అన్నారాయన. "తగ్గేదాకా అంటే కుదరదండీ, ఏదో ఒక తేదీ చెప్పండి" అన్నాను. మా ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. బయట ఇంకా పేషెంట్లు ఉన్నారు కాబట్టి ఆయనకు వివరించలేకపోయాను గానీ, గడువు పెట్టుకోకుండా ఒక ఆట నేను ఇదివరకోసారి మానేశాను. అందులో ఎంత ఇబ్బంది ఉందో తెలిసినవాణ్ణి.

మాది అద్దంకికి కొంచెం ఎడంగా ఉండే ఊరు. నల్లరేగడి నేల. వానాకాలంలో అందులో చెప్పు దిగబడితే ఆ చెప్పు ఇక దానిదే, మనది కాదు. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప, మధ్యలో మేము. చలి విరిగాక ఊరంతా ఎర్రబడేది. కళ్లాల్లో, రోడ్డు వారన, చర్చి ముందున్న ఖాళీ జాగాలో, ఎక్కడ చూసినా ఆరబోసిన కాయలే. ఆ రోజుల్లో మా సంఘంలో తుమ్మకుండా ప్రార్థన ముగించినవాడు లేడు. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనేవాళ్ళం. ప్రసంగంలో ఎక్కడ ఆగితే తుమ్ములకు సందు దొరుకుతుందో ఆయనకు బాగా తెలుసు. ఊళ్ళో ఆయనకున్న మంచిపేరులో సగం దానివల్లే వచ్చిందని నా అనుమానం.

ఇంట్లో నలుగురం. నాన్న దానియేలు, అమ్మ, నాయనమ్మ, నేను. నాయనమ్మ పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చి, మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుని, లేచీ లేవకముందే చుట్ట ముట్టించేది. ఆమేన్‌కీ అగ్గిపుల్లకీ మధ్య పెద్దగా ఎడం ఉండేది కాదు. ఆ పొగ వాసన, పేడనీళ్ళ వాసన, మిరపకాయల ఘాటు, అమ్మ పొయ్యి మీద పెట్టిన గంజి వాసన, ఇవన్నీ కలిస్తే మా ఇంటి ఉదయం. ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో పొద్దున్నే ఫినాయిల్ వాసన వస్తుంది. ఆరోగ్యానికి ఇదే మంచిదట.

దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా మావయ్య, ఒక క్రిస్మస్‌కి వస్తూ వీడియో గేమ్ తెచ్చాడు. టీవీకి తగిలించే పలచని పెట్టె, రెండు రిమోట్లు, పసుప్పచ్చటి కాసెట్ ఒకటి. రిమోట్ వైరు ఒకదాన్ని వారం తిరక్కుండానే ఎలుక కొరికేసింది కాబట్టి ఆటకి ఎప్పుడూ ఒక్కడే. తెర మీద ఒక పొట్టివాడు నెత్తిన మూట పెట్టుకుని పరిగెడుతుంటాడు. గుట్టలెక్కుతాడు, గోతులు దూకుతాడు, పాముల్ని తప్పించుకుంటాడు. కాసెట్ మీద ఉన్న భాష ఏమిటో మా స్కూలు మాస్టార్లకే తెలియలేదు, అందుకని వాడికి బుడ్డోడు అని మేమే పేరు పెట్టాం. పొలం నించి వచ్చి కాళ్ళు కడుక్కున్న నాన్న, తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి కాసేపు చూసేవాడు.

"వాడెక్కడికిరా పోతున్నాడు అంత హడావిడిగా?"

"తెలీదు నాన్నా. కుడివైపుకి."

"ఆ మూటలో ఏముంది?"

"తెలీదు."

"ఎక్కడికో తెలీదు, ఏం మోస్తున్నాడో తెలీదు. మనోడే" అని లోపలికి పోయేవాడు.

ఆ ఆట నాకు ఎంత ఇష్టమో చెప్పడానికి ఒక్కటే చెబుతాను. అన్నం తింటున్నప్పుడు కూడా నా ఎడమచేతి వేళ్ళు కంచం అంచు మీద బటన్లు నొక్కుతూ ఉండేవి.

మిరప కోతలు జోరుగా సాగే రోజుల్లోనే మాకు శ్రమకాలం వస్తుంది. ఈస్టరుకి ముందు నలభై రోజులు. ప్రతివాళ్ళూ తమకు ఇష్టమైనదొకటి మానుకోవాలి. మా ఇంట్లో అయితే మొదటి రోజు సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అది పైకి చెప్పాలి. నాయనమ్మ ప్రతి ఏడూ చుట్ట మానేసేది. "ఈస్టరు పొద్దున ఆరాధన అయ్యేదాకా" అని గడువు కూడా దేవుడికి స్పష్టంగా చెప్పేది. నాన్న టీ మానేసేవాడు. అమ్మ ఏం మానేసేదో నాకెప్పుడూ గుర్తులేదు. ఆవిడకి మానుకోవడానికి ఏం మిగిలిందో కూడా అప్పట్లో ఎవరం ఆలోచించలేదు. ఆ ఏడు నావంతు కూడా వచ్చిందన్నారు. నేను బాగా ఆలోచించి కాకరకాయ మానేస్తానన్నాను.

"నీకిష్టంలేంది దేవుడికెందుకురా? ఆయన మాత్రం ఏం చేసుకుంటాడు?" అంది నాయనమ్మ.

"పోనీలే అమ్మా, చిన్నోడు. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు నాన్న. ఆయన చూపు మాత్రం టీవీ మీదికి పోయింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, నాన్న మిరపచేలో మందు కొడుతున్నాడు. వీపున మోసే డబ్బా మూత దగ్గర కారుతోంది. చొక్కా వెనకంతా తడిసింది. ఇంకో రెండు సాళ్ళే ఉన్నాయి కదా, అవి కూడా అయ్యాక కడుక్కుందాం అనుకున్నాడు. మా వైపు మనుషులు చేసే పొరపాట్లలో చాలా భాగం ఆ చివరి రెండు సాళ్ళ దగ్గరే జరుగుతాయి. ఆ సమయానికి నేను ఇంట్లో రిమోట్ పట్టుకుని, బుడ్డోడి చేత ఒక పెద్ద గొయ్యి దూకించబోతున్నాను. వీధిలో ట్రాక్టరు చప్పుడు, దాని వెనకాల ఎవరో అరుస్తూ పరిగెత్తుకు రావడం వినిపించాయి. ట్రక్కులో నాన్న పడుకుని ఉన్నాడు. నోటి పక్కన నురగ. ఒళ్ళంతా చెమట. కళ్ళు తెరిచే ఉన్నాయిగానీ నల్లగుడ్లు ఆవగింజలంత అయిపోయాయి. వెల్లుల్లి కుళ్ళినట్టు ఒక వాసన. అమ్మ బిందెడు నీళ్ళు తెచ్చి నెత్తిన కుమ్మరించింది, చొక్కా చింపేసింది, అంతే, ఆ ట్రాక్టరు ఎక్కి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. అద్దంకిలో చూసి, అక్కణ్ణించి గుంటూరు పంపేశారు.

ట్రాక్టరు సందు తిరిగాక ఇంట్లోకి వచ్చాను. టీవీలో ఆట పాట ఇంకా మోగుతూనే ఉంది. స్విచ్ ఆపేసి, అక్కడే నిలబడి, పైకే అన్నాను, "మా నాన్న బతికితే నేను ఇంక ఎప్పుడూ ఈ ఆట ఆడను." గుమ్మంలో నాయనమ్మ ఉంది. ఆమె నన్ను చూసింది, తర్వాత మోకరించింది. తన దగ్గర మానుకోవడానికి కొత్తగా ఏమీ లేదు, ఉన్న ఒక్క చుట్టా ఆ బుధవారమే, శ్రమకాలం మొదటిరోజే, మానేసి ఉంది. కాసేపు తడుముకుంది. "ప్రభువా, ఈ ఏడు చుట్ట నా పాపాల కోసం కాదు. అది నా కొడుకు పేరున రాసుకో" అంది.

అప్పణ్ణించి ఇంట్లో ఇద్దరమే. ఇద్దరం మానేసినవాళ్ళం. వీడియో గేమ్ పెట్టెలో పెట్టి అటక మీద పడేద్దామన్నాను. నాయనమ్మ ఒప్పుకోలేదు. "కంటికి కనపడకుండా దాచేసి మానేస్తే మానేసినట్టా? ఎదురుగా ఉండాల్సిందే" అంది. అందుకని గేమ్ టీవీ మీద అలాగే ఉంది, దాని మీద అమ్మ కుట్టిన పూలగుడ్డ. గోడగూట్లో నాయనమ్మ చుట్టల కట్ట, పక్కన అగ్గిపెట్టె. మేమిద్దరం వాటి మధ్య తిరుగుతూ, ఒకరినొకరం కనిపెడుతూ ఉండేవాళ్ళం. నేను టీవీ దగ్గరికి పోతే "ఏరా?" అనేది. ఆమె గూటి దగ్గరికి పోతే నేను "ఏంటి నాయనమ్మా?" అనేవాణ్ణి. "దువ్వెన" అనేది. ఆ నెలలో మా నాయనమ్మ దువ్వుకున్నన్నిసార్లు జన్మలో దువ్వుకుని ఉండదు.

కబురు శెట్టిగారి కొట్టుకి వచ్చేది. ఊళ్ళో ఫోను అక్కడే. సాయంత్రం చర్చి గంట కొట్టాక అమ్మ గుంటూరు నించి ఫోను చేస్తుంది. మేం ముందే పోయి బియ్యం బస్తాల పక్కన నిలబడేవాళ్ళం. మొదట్లో కబుర్లు చిన్నవి. గొట్టం వేశారు. సూదులు చేస్తున్నారు. ఒకరోజు అమ్మ గొంతు వేరుగా వినిపించింది. సూదిమందు వేడికి నాన్నకి మనుషులు తెలియడం లేదట. మంచం మీద పడుకుని రెండు చేతులూ పైకెత్తి వేళ్ళతో ఏదో తుంచుతూనే ఉన్నాడట.

"ఏం తుంచుతున్నాడమ్మా?" అన్నాను.

"కాయలు కోస్తున్నాడురా, గాల్లో" అంది అమ్మ. "కోసి నా ఒళ్ళో వేస్తున్నాడు."

ఆ తర్వాత ఇంటికి పోయే దారిలో రోడ్డంతా కాయలే. వాటి మీద కాలు పడకుండా నడవడం నాకా రోజు చాలా అవసరమైన పనిగా తోచింది.

ఆట లేకుండా రోజు చాలా పొడుగ్గా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. బడి అయ్యాక సాయంత్రం దాకా ఏదో ఒకటి కావాలి. చేతులకి పని లేకపోతే బుర్ర గుంటూరు పోతుంది. కళ్లంలో ఆడకూలీల పక్కన కూర్చుని తాలుకాయలు, అంటే రంగు వెలిసిన పనికిరాని కాయలు, ఏరాను. పని బాగానే ఉంది. కళ్ళు నలుపుకోకూడదన్న సంగతి మర్చిపోయేదాకా. ఆ పూట నేను ఏడుస్తుంటే అందరూ మిరపకారానికే అనుకున్నారు, అది నాకు సౌకర్యంగానే ఉండింది. గోలీలు ప్రయత్నించాను. గోడకేసి బంతి కొట్టాను. గోడ ఎప్పుడూ గెలిచేది. చివరికి నాయనమ్మే జాలిపడి సుద్దముక్కతో అరుగు మీద అష్టాచెమ్మా గీసింది.

అందులో ఆమె చేసే మోసం మామూలుది కాదు. నాలుగు పడితే ఎనిమిది అనేది. నేను నీళ్ళు తాగొచ్చేసరికి ఆమె కాయలు రెండు గళ్ళు ముందుకి పోయి ఉండేవి. ఓడిపోయే సూచన కనబడితే పందెం వేసే చింతపిక్కల్లో ఒకటి నోట్లో వేసుకుని చప్పరించేది. చుట్ట లేని నోటికి ఏదో ఒకటి కావాలి కదా అనేది.

"శ్రమకాలంలో దొంగాట ఆడొచ్చా నాయనమ్మా?"

"నేను మానేసింది చుట్టరా. దొంగాట మానేస్తానని ఎవరన్నారు?"

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. నేను ఏ పని చేస్తున్నా బుడ్డోడు నా బుర్రలో పరిగెడుతూనే ఉండేవాడు. ఆ దారి మొత్తం నాకు కంఠతా వచ్చు. బడిలో ఎక్కాలు చెబుతుంటే ఒక గొయ్యి దూకేవాడు, అన్నం తింటుంటే ఒక పాముని తప్పించుకునేవాడు. మనసులో తలచినా చేసినట్టే అని అయ్యగారు ప్రసంగంలో చెప్పగా విన్నాను. ఆ లెక్కన నేను ఒట్టు ఎప్పుడో తప్పాను. అంటే గుంటూరులో ఆ గొట్టం, ఆ గాల్లో కోతలు నావల్లేనా? ఉండబట్టలేక నాయనమ్మని అడిగేశాను.

ఆమె చింతపిక్క ఒక బుగ్గ నించి ఇంకో బుగ్గకి మార్చుకుంది. "ఒరేయ్, నేను మనసులో పొద్దుణ్ణించీ చుట్ట మీద చుట్ట కాలుస్తూనే ఉన్నా. అవి కూడా లెక్కలోకొస్తే మీ నాన్న ఇప్పటికి మూడుసార్లు పోయుండాల. పోయాడా?"

"లేదు."

"మరి? పందెం వెయ్యి."

అది శాస్త్రసమ్మతమో కాదో నాకు తెలియదుగానీ, ఆ పూట అన్నం లోపలికి దిగింది.

ఒక ఆదివారం నా నేస్తం చిట్టిబాబు వచ్చాడు. నేను మానేశానని వాడికి తెలుసు. తను మానేయలేదు కాబట్టి తను ఆడొచ్చని వాడి వాదన. అందులో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు. పూలగుడ్డ తీసి స్విచ్ వేశాడు. ఆ పాట మొదలవగానే నా అరచేతుల్లో చెమట పట్టింది. వాడు ఘోరంగా ఆడతాడు. మొదటి గోతిలోనే పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. "నువ్వొక్కసారి దాటించివ్వరా, తర్వాత నేనే ఆడుకుంటా" అని రిమోట్ నా ఒళ్ళో పడేశాడు. అది నా తొడ మీద, ఎలకపిల్లంత బరువుతో, అక్కడ ఉంది. బుడ్డోడు గొయ్యి అంచున నిలబడి ఎదురుచూస్తున్నాడు. నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, తొడ విదిలించి, కళ్లం దాకా పరిగెత్తాను. రిమోట్ కింద పడ్డ చప్పుడు వినిపించింది. పగిలిపోతే బాగుండునని, పగలకుండా ఉంటే బాగుండునని రెండూ ఒకేసారి కోరుకున్నాను.

ఆ మర్నాడు ఫోను రాలేదు. చర్చి గంట కొట్టారు, వీధిలైట్లు వెలిగాయి, బేరాలు పలచబడ్డాయి. ఫోను నల్లగా, నున్నగా, పప్పుల డబ్బాల మధ్య కూర్చుని ఉంది. శెట్టిగారు ఒకసారి రిసీవరెత్తి చెవిలో పెట్టుకుని మళ్ళీ పెట్టేశారు.

"లైను బాగానే ఉందమ్మా."

బాగానే ఉందంటే భయం ఇంకా ఎక్కువైంది. కొట్టు కట్టేసే వేళయినా ఆయన తలుపు చెక్కలు ముట్టుకోలేదు. కాసేపటికి గొంతు సవరించుకుని, "సింగరాయకొండ స్వామికి నేను కూడా మొక్కానమ్మా, మన దానియేలు కోసం. మీరేం అనుకోకపోతే" అన్నారు.

"అనుకునేదేముందయ్యా" అంది నాయనమ్మ. "ఎత్తాల్సిన మనిషి బరువుగా ఉన్నాడు. ఎన్ని చేతులు పడితే అంత మంచిది."

ఆమె చేతులు మాత్రం చీర కొంగుని చుట్టలాగా చుడుతూ, విప్పుతూ ఉన్నాయి.

తెల్లారి బడికి పోకుండా అక్కడే కూర్చున్నాను. ఎండ కొట్టు మెట్ల మీదికి వచ్చేసరికి ఫోను మోగింది. శెట్టిగారు విని, మమ్మల్ని పిలవకుండానే అక్కణ్ణించే అరిచారు. "మాట్లాడాడంట! ముందు మంచినీళ్ళడిగాడంట, తర్వాత కాయలు పట్టాలేసి కప్పారా లేదా అనడిగాడంట!" ముందురోజు సాయంత్రం గొట్టం తీసే సమయం కాబట్టి అమ్మ మంచం దగ్గర నించి కదలలేదు, అంతే. నాయనమ్మ కొట్టు మెట్ల మీద కూలబడి, "అడుగుతాడు. వాడికి నేను గుర్తుండను గానీ కాయలు గుర్తుంటాయి" అని ఏడ్చింది.

ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం దాటాక నాన్న జీపులో వచ్చాడు. చొక్కా ఆయనకి వేసినట్టు లేదు, తగిలించినట్టు ఉంది. కాళ్ళు తడబడుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. మందు నరాలకి పట్టిందని, వేళ్ళకి పని చెబుతూ ఉంటే మెల్లగా తగ్గొచ్చని, తగ్గకపోనూ వచ్చని చెప్పి పంపారు. ఇచ్చిన రబ్బరు బంతి రోజూ పిసకాలి.

ఈస్టరు తెల్లవారుజామున అందరం సమాధుల తోటలో పాటలు పాడుకుని, సూర్యుడు రాగానే చేతులు కలుపుకుని పండగ చెప్పుకున్నాం. నాయనమ్మ మాత్రం నేరుగా ప్రహరీగోడ దగ్గరికి పోయి, రొంటిన దోపుకున్న చుట్ట తీసి ముట్టించింది. మొదటి పొగ వదిలినప్పుడు ఆమె మొహం చూస్తే పునరుత్థానం అంటే ఏమిటో నాకు కొంత అర్థమైంది.

"ఇంక నువ్వు కూడా పోరా. ఆడుకో పో."

"ఎట్లా ఆడతాను నాయనమ్మా? నేను ఇంక ఎప్పుడూ అన్నాగా."

చుట్ట నోట్లోంచి బయటికొచ్చింది. "ఈస్టరు దాకా అనలేదూ?"

"అనలేదు."

"పోనీ నాన్న ఇంటికొచ్చిందాకా?"

"అదీ అనలేదు."

"ఓరి ఎర్రిమొహమా! మొక్కుకునేవాడు గడువు పెట్టుకోవద్దూ? మీ తాత పదిసార్లు మొక్కాడు, ఒక్కదానికైనా గడువు లేకుండా మొక్కాడా? బతికున్నన్నాళ్ళూ మానేస్తావా ఇప్పుడు?"

అక్కడే ఉన్న అయ్యగారి దగ్గరికి నన్ను రెక్క పుచ్చుకుని లాక్కుపోయింది. ఆయన అంతా విని, గడ్డం రుద్దుకుని, "చిన్నపిల్లాడు. దేవుడు అర్థం చేసుకుంటాడు" అన్నారు.

"అర్థం చేసుకోకపోతే మా నాన్నకేమవుతుందండీ?" అన్నాను.

అయ్యగారు నా వైపు చూశారు, దూరంగా ఇద్దరు పట్టుకుని నడిపిస్తున్న నాన్న వైపు చూశారు. ఆయన మంచివారు, తెలియనిది తెలుసని చెప్పే అలవాటు లేదు. "తొందరపడకు బాబూ. కొన్నాళ్ళు చూద్దాం" అన్నారు. నాయనమ్మ, నేను ఒక మాట అనుకున్నాం. నాన్నకి ఈ సంగతి తెలియకూడదు. తెలిస్తే ఆడమంటాడు. ఆయన ఆడమంటే నేను ఆడతాను.

వేసవి వచ్చింది. నాన్న నులకమంచం మీద కూర్చుని బంతి పిసికేవాడు. గ్లాసు ఎత్తితే సగం నీళ్ళు చొక్కా మీద పోయేవి కాబట్టి అమ్మ తాగించేది. తాగించేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. ఒక మధ్యాహ్నం బంతిని గోడకేసి కొట్టాడు. "ఇది పిసుకుతా కూర్చుంటే పిచ్చోడిలా ఉన్నా. ఒరేయ్ బాబీ, ఆ ఆట పెట్టు. దానికైతే వేళ్ళన్నిటికీ పనుంటది."

పెడితే ఆడినట్టవుతుందా? చిట్టిబాబుని పిలుచుకొచ్చి వాడి చేత పెట్టించాను. నాన్న రిమోట్ పట్టుకున్నాడు. బుడ్డోడు గోతిలో పడ్డాడు. నేను పక్కనే, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుని, "ఇప్పుడు నాన్నా! దూకు!" అని అరిచేవాణ్ణి. నోటితో చెబితే ఫరవాలేదని నాయనమ్మ అప్పటికే తీర్పు చెప్పింది. ఆయన వేలు బటన్ మీదికి వచ్చేది, వణికేది, పక్కకి జారేది. బుడ్డోడు పడేవాడు. రోజూ అదే గొయ్యి. మిరప పంటలు తీసిన చేతులు, పత్తికాయ పగలకముందే దాని బరువు చెప్పగల చేతులు, ఆ చిన్న ప్లాస్టిక్ బటన్ దగ్గర ఓడిపోతుంటే చూడటం కష్టంగా ఉండేది. ఎవరికి ఎక్కువ కష్టమో చెప్పలేను.

ఒకరోజు వరసగా పడిపడి, నాన్న రిమోట్ నా వైపు చాచాడు. "ఇందరా. ఒక్కసారి దాటించి చూపించు. ఎట్లా పోతాడో చూస్తా."

నేను చేతులు తొడల కింద నించి తియ్యలేదు.

"పట్టుకోరా."

"వద్దు నాన్నా."

"ఏం, వద్దేంటి? ముందంతా దాని మీదే కదా పడుండేవాడివి?" ఆయన కాసేపు చూశాడు. "నాతో ఆడాలంటే సిగ్గేస్తోందా? ఈ చేతులు చూసి?"

ఒక్క మాట చెబితే చాలు, అంతా తేలిపోయేది. చెబితే ఆడమనేవాడు. ఆడితే ఏమవుతుందో నాకు ఆ ట్రాక్టరు ట్రక్కులో కనబడింది. చాచిన ఆయన చెయ్యి గాల్లో వణుకుతూ కొంతసేపు ఉంది, తర్వాత కిందికి దిగింది.

"సర్లే" అన్నాడు నాన్న, చాలా మామూలుగా. "ఆపెయ్. రేపు దాన్ని ఆ చిట్టిబాబుకిచ్చెయ్. నాకూ వద్దు, ఆ బంతీ వద్దు. వచ్చేది వస్తది, పోయేది పోతది."

మంచం మీద ఒరిగిపోబోయాడు. అప్పుడు నా చేతులు తొడల కింద నించి వచ్చాయి. నేను రిమోట్ ముట్టుకోలేదు. రిమోట్ పట్టుకుని ఉన్న ఆయన చేతుల్ని, రెంటినీ, మణికట్ల దగ్గర నించి వేళ్ళ దాకా, పైనించి పట్టుకున్నాను. మిరపచేలో పిట్టని పట్టుకున్నట్టు లోపల ఏదో టపటప కొట్టుకుంటోంది.

"నువ్వే నొక్కు నాన్నా. నేను ఊరికే పట్టుకుంటా. ఊరికే."

ఇది ఏ లెక్కలోకి వస్తుందో తెలియక గుమ్మం వైపు చూశాను. నాయనమ్మ అక్కడ చుట్ట పట్టుకుని నిలబడి అంతా చూస్తోంది.

"నన్ను చూస్తావేంట్రా?" అంది. "ముందు గొయ్యి చూడు."

ఇప్పుడు నా ఫోన్లో ఆటకి ఇంకో మనిషి అక్కర్లేదు. ఒక బొటనవేలు చాలు. ఎక్కడున్నా ఆడొచ్చు, ఎవరికీ తెలియదు, ఎవరూ గుమ్మంలో నిలబడి మనం ఎక్కడికి పోతున్నామని అడగరు. మా అమ్మాయి, నేను ఒకే సోఫాలో కూర్చుని వేరువేరు ఫోన్లలో చాలా సుఖంగా ఉంటాం. ఆ బుడ్డోడి ఆట కూడా ఎవరో వెతికి ఫోన్లో ఉచితంగా పెట్టారని ఒక విద్యార్థి చూపించాడు. చూసి తిరిగి ఇచ్చేశాను. నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు, మళ్ళీ మిరప వేశాడు, పెద్దవాడై నిద్రలో పోయాడు. ఆయన పోయాక ఒట్టు తీరిపోయినట్టేనని మా ఆవిడ అంటుంది. కావచ్చు. నాకు ఆడాలని అనిపించలేదు. మా ఇళ్ళల్లో ఊహ తెలిశాక కొడుకు తండ్రి చెయ్యి పట్టుకునే సందర్భాలు తక్కువ. పండగ రోజు కరచాలనం ఒకటి, చివర్లో ఆసుపత్రిలో ఒకటి. నాకు మాత్రం ఒక వేసవి మొత్తం దొరికింది.

ఆ వేసవిలో రోజూ మధ్యాహ్నం అలాగే ఆడాం. ఆయన నొక్కేవాడు, నేను పట్టుకునేవాణ్ణి. తొలకరి పడి, ఊరు దుక్కులకి పోయే రోజుల్లో ఒకనాడు, నా చేతుల కింద ఆయన చేతులు కదలకుండా ఉన్నాయని గమనించాను. బుడ్డోడు దూకాడు, దాటాడు, పోయాడు. నేను ఏమీ అనలేదు. ఆయన చేతుల సంగతి నాకంటే ఆయనకే ముందు తెలిసి ఉంటుంది. ఆయనా ఏమీ అనలేదు. మర్నాడు కూడా పట్టుకున్నాను. ఆ మర్నాడు కూడా.